కొండమ్మ చెప్పింది, జెస్సీ రాసింది

బుధవారం పొద్దున్న ఏడింటికి ఆరాధన పెట్టిన కేకకి పక్కింటి కోళ్లు గోడ దూకి పారిపోయాయి. రెండున్నరేళ్ల పిల్ల. అప్పటిదాకా వసారాలో బుద్ధిగా కూర్చుని పాలల్లో రస్కు ముంచుకుని తింటోంది. నిద్ర మొహం, కంటి కొసన కాస్త పుసి. అటుగా వెళుతున్న నాన్నమ్మ కొండమ్మ, "నా బంగారానికి ఎవరూ మొహం కడగలేదా" అంటూ వంగి చూపుడువేలితో ఆ పుసి తీసింది. ఆవిడ చేసిందల్లా అంతే.

"మంట! నాన్నమ్మా, మంట!" అంటూ పిల్ల పిడికిళ్లతో కళ్లు నలుపుకుంటూ గచ్చు మీద పడి దొర్లింది. లోపల జడ అల్లుకుంటున్న జెస్సీ సగం జడతోనే పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో అత్తమ్మా! పచ్చడి రుబ్బిన చెయ్యి కదా అది!"

"కడుక్కున్నానే. రెండుసార్లు సబ్బు పెట్టి మరీ కడుక్కున్నా."

"పండుమిరపకాయ కారం సబ్బుకి పోతుందా? నాకు తొడిమలు తీసినందుకే రెండు రోజులు మండాయి చేతులు."

జెస్సీ పిల్లని చంకనేసుకుని కుళాయి దగ్గరకి తీసుకెళ్లి, చల్లటి నీళ్లతో కళ్లు కడుగుతూనే ఉంది. పావుగంటకి కేకలు తగ్గి ఎక్కిళ్లలోకి దిగాయి. ఆ తర్వాత ఆరాధన "నాన్నమ్మ చెయ్యి మంట" అని ఇంటిల్లిపాదికీ పేరుపేరునా ఫిర్యాదు చేసుకుంది. మిల్లులో షిఫ్టు చేసొచ్చి పడుకున్న వాళ్ల నాన్న మార్క్ కూడా లేచొచ్చాడు. "ఏం చేద్దామమ్మా నాన్నమ్మని? గోడకుర్చీ వేయిద్దామా?" అని పిల్లని నవ్వించాడు. జెస్సీ కూడా నవ్వింది.

నవ్వనిది కొండమ్మ ఒక్కతే. గుమ్మానికి ఆనుకుని తన వేళ్లకేసి తిప్పి తిప్పి చూసుకుంటోంది.

ముప్పై ఏళ్లు మిరపచేలల్లో కాయ కోసిన చేతులవి. పండుమిరప పచ్చడి దంచితే మామూలు ఆడవాళ్లకి అరచేతులు నిప్పులు పట్టుకున్నట్టు మండుతాయి. కొబ్బరినూనె రాసుకుంటారు, మజ్జిగలో చేతులు ముంచుకు కూర్చుంటారు. కొండమ్మకి అలాంటి అవస్థ ఎప్పుడూ లేదు. "నా చేతులకి కారం భయపడద్ది" అని ఆవిడ గొప్పగా చెప్పుకునేది కూడా. కొత్తపట్నంలో ఉన్న వియ్యపురాలికి ఈ పచ్చడంటే ప్రాణం. అందుకే ఏటా మాఘమాసం ఎండ ముదరగానే ఒక జాడీ ఆవిడ కోసం తయారవుతుంది. మొన్న ఆదివారం చర్చి నుంచి రాగానే అత్తాకోడళ్లిద్దరూ అయిదు కిలోల కాయలకి తొడిమలు తీశారు. సోమవారం తెల్లవారకముందే లేచి కొండమ్మ ఉప్పు, చింతపండు వేసి దంచింది. మూడో రోజు తిరగ రుబ్బాలి కాబట్టి ఇవాళ మళ్లీ చెయ్యి పెట్టింది.

"జెస్సీ," అంది కొండమ్మ మెల్లగా. "సోమవారం బిందు ఇట్టాగే ఏడ్చింది."

జెస్సీ చేతిలోని తడిగుడ్డ పిల్ల మొహం మీదే ఆగిపోయింది.

బిందు అంటే బిందుమాధవి. పంతొమ్మిదేళ్లు. పుట్టినప్పటి నుంచీ బుద్ధి ఎదుగుదల తక్కువ, మాట రాదు. చిలకలూరిపేటకి ఆరు మైళ్ల దూరాన వాళ్ల ఊళ్లో, చర్చి వెనక, ఇలాంటివాళ్ల కోసం పగటిపూట నడిచే సెంటరు ఒకటుంది. చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ కలిపి ఇరవై ఇద్దరు వస్తారు. కొండమ్మ అక్కడ పదకొండేళ్లుగా ఆయా. జెస్సీ అలాంటి పిల్లలకి చదువు చెప్పే కోర్సు చేసి టీచరుగా చేరింది. పోయిన జూన్ నుంచి సెంటరు బాధ్యత మొత్తం ఆమెదే. ఇంట్లో అత్త మాట చెల్లుతుంది, సెంటరులో కోడలి మాట చెల్లుతుంది. ఈ ఏర్పాటు ఇద్దరికీ బాగానే కుదిరింది.

బిందు తన కళ్ల దగ్గరకి ఎవరి చెయ్యీ రానివ్వదు, కొండమ్మ చెయ్యి తప్ప. ప్రతి సోమవారం కొండమ్మ ఆ అమ్మాయికి మొహం కడిగి కాటుక పెడుతుంది. బిందు గడ్డం పైకెత్తి, రెప్ప కొట్టకుండా, నవ్వుతూ కూర్చుంటుంది. మొన్న సోమవారమూ అలాగే కూర్చుంది. కొండమ్మ వేలితో కాటుక దిద్దింది. నిమిషం తిరక్కుండానే ఆ పిల్ల భవనం అదిరిపోయేలా అరిచింది. పిడికిళ్లతో కళ్లు పొడుచుకుంది, గోడకి తల కొట్టుకుంది. ఇద్దరు మనుషులు చేతులు గట్టిగా పట్టుకుని, ఖాళీ గదిలోకి తీసుకెళ్లి, గంటసేపు అక్కడే ఉంచారు. మర్నాడు కొండమ్మ దగ్గరకి వెళ్లబోతే మణికట్టు కొరికింది. ఆ పంటిగాట్లు ఇంకా మానలేదు.

"బిందుకి మాట రాక, దీనికి మాట వచ్చి..." అని కొండమ్మ మనవరాలికేసి చూసింది. "మంట అంది, నువ్వు కడిగావు. ఆ పిల్ల అరిస్తే మనం గదిలో పెట్టాం."

జెస్సీ పిల్లని దింపి, మిగతా జడ అల్లుకుంది. అద్దం లేకుండానే అల్లుకుంది.

"ఆటో వచ్చే టైమైంది అత్తమ్మా. తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత ఏముంది మాట్లాడేదానికి? ఆ పుస్తకంలో రాయి. నాకు రాయడం రాదు గదా, నేను చెప్తా, నువ్వు రాయి."

ఆ పుస్తకం సంగతి కాస్త చెప్పాలి. సెంటరులో ఏ పిల్లకి దెబ్బ తగిలినా, ఎవరు కింద పడినా, ఎవరి వల్ల ఎవరికి కీడు జరిగినా రాసిపెట్టే రిజిస్టరు అది. పెట్టించింది జెస్సీయే. జూన్‌లో ఏడుగురు ఆయాలనీ వరసగా కూర్చోబెట్టి గంటసేపు చెప్పింది. "ఇది ఎవరినో పట్టుకోడానికి పెట్టింది కాదు. మన పిల్లలు ఇంటికెళ్లి చెప్పుకోలేరు. కాబట్టి మనమే చెప్పాలి. పొరపాటు చేసినవాళ్లు భయపడకుండా చెప్పాలి. దాచిపెట్టడమే అసలు తప్పు" అంది. ఏడుగురూ తలలూపారు. నమ్మింది మాత్రం కొండమ్మ ఒక్కతే అయి ఉండాలి, ఎందుకంటే ఈ ఎనిమిది నెలల్లో తన పొరపాటు తానే చెప్పుకున్న ఆయా ఇంకొకరు లేరు. కొండమ్మ రెండుసార్లు చెప్పుకుంది. ఒకసారి పాలు వేడిగా ఇచ్చానని, ఇంకోసారి స్నానాల గది తడి తుడవడం మరిచిపోయానని.

"అత్తమ్మా, పాలు వేడిగా ఇచ్చినట్టు కాదిది." జెస్సీ గొంతు తగ్గించింది. "ఆ రిజిస్టరు వచ్చే వారం జిల్లా ఆఫీసు నుంచి వచ్చి చూస్తారు. సోమవారం నేనేం రాశానో తెలుసా? 'అకారణంగా అరిచి, తనను తాను గాయపరుచుకుంది' అని రాశాను. మంగళవారం 'అకారణంగా ఆయాను కొరికింది' అని రాశాను. నా సంతకం ఉంది కింద. డాక్టరుగారికి ఫోన్ చేసి అదే చదివి వినిపించాను. ఆయన గట్టి మాత్ర రాశారు. ఇప్పుడు కారం చేతుల్తో కాటుక పెట్టారని రాస్తే మీ ఉద్యోగం పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది."

"పోద్దేమో."

"పోద్దేమో అని అంత తేలిగ్గా అంటారేంటి!"

మార్క్ మధ్యలోకి వచ్చాడు. అమ్మకీ భార్యకీ మధ్య నిలబడటం అతనికి అలవాటే గానీ, ఇవాళ మాత్రం ఏ పక్క నిలబడాలో అతనికే తెలియలేదు.

"అమ్మా, కావాలని చేశావా నువ్వు? లేదు గదా. తెలియక జరిగింది. ఇక మీదట పచ్చడి పట్టిన రోజున పిల్లల్ని ముట్టుకోవద్దు. కాటుక మానెయ్యి. సరిపోద్ది. ఎవరికీ తెలియని దాన్ని నువ్వే పోయి నెత్తిన వేసుకోవడం దేనికి? బిందు వాళ్లేమో పెద్ద రైతులు. నువ్వు కూలికెళ్లింది వాళ్ల చేలోకే. రేపు నలుగురూ వచ్చి ఇంటి ముందు నిలబడితే?"

"నిలబడనీ."

"నిలబడనీ అంటావేందే!"

"ఒరేయ్ మార్కూ, ఒక్క సంగతి చెప్పు." కొండమ్మ కొడుకు కళ్లలోకి చూసింది. "నేను కాటుక మానేస్తా. బాగానే ఉంది. మరి ఆ పిల్ల మింగుతున్న మాత్రో?"

జెస్సీ అందుకుంది.

"నేను డాక్టరుగారికి చెప్తాను అత్తమ్మా. మాత్ర ఆపమంటాను."

"ఏమని చెప్పి ఆపమంటావు?"

"ఇప్పుడు బానే ఉందని చెప్తాను."

"ఇప్పుడు బానే ఉంటే మాత్ర బాగా పనిచేస్తందనుకుంటాడు ఆయన. ఇంకా వెయ్యమంటాడు."

జెస్సీకి కోపం వచ్చింది. అత్త మీద కాదు, తను చదివిన చదువంతా కలిపినా ఆ ఒక్క మాటకి బదులు దొరకనందుకు వచ్చింది. ఆ కోపం మాత్రం అత్త మీదే పడింది.

"మీకేం, ఒక మాట అనేసి ఊరుకుంటారు. రాయాల్సింది నేను! నన్ను అక్కడ కూర్చోబెట్టినప్పుడే సెక్రటరీ కరుణాకర్ గారితో నలుగురూ అన్నారు, అత్తాకోడళ్లిద్దరూ ఒకే చోట వద్దు, ఒకరి తప్పు ఒకరు కప్పుకుంటారని. ఇప్పుడు నేను రాస్తే 'చూశారా, రెండు రోజులు దాచి ఇప్పుడు రాసింది' అంటారు. రాయకపోతే అసలు గొడవే లేదు. ఇరవై ఇద్దరు పిల్లలకి ఆ సెంటరు ఉంటుంది. రాస్తే అది ఉంటుందో లేదో కూడా తెలియదు!"

కొండమ్మ లోపలికి వెళ్లింది. పచ్చడి జాడీకి వాసెన కట్టి అటక మీద పెట్టింది. చేతులకి చింతపండు రుద్ది, మజ్జిగతో కడిగి, కొబ్బరినూనె పట్టించి తుడుచుకుంది. తర్వాత చీర మార్చుకుని వచ్చింది.

"నువ్వు రాయకపోతే మానెయ్ తల్లీ. నీ ఇబ్బంది నీకుంది, నేను కాదనను. పదకొండింటికి బిందు సామాన్లు తీసుకుపోయేదానికి వాళ్లమ్మ సుబ్బరావమ్మగారు వస్తారు గదా, నోటితో చెప్తా నేను. నోటితో చెప్పేదానికి చదువెందుకు?"

ఆటోలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. దారి పొడుగునా కల్లాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆటో నడిపే బుడే, ఆ ఘాటుకి రెండుసార్లు తుమ్మి, "ఏందక్కా, ఇవాళ ఇద్దరూ మూగనోము పట్టారా?" అన్నాడు.

సెంటరుకి వెళ్లాక కొండమ్మ పిల్లల గదిలోకి అడుగుపెట్టలేదు. ఇంకో ఆయాని పంపి, తను వరండా ఊడ్చి, గిన్నెలు తోమి, పని లేక మళ్లీ వరండా ఊడ్చింది. జెస్సీ ఆఫీసు గది కిటికీలోంచి అదంతా చూస్తూనే ఉంది. పెళ్లయి వచ్చిన కొత్తలో తనకి టైఫాయిడ్ వస్తే పద్దెనిమిది రోజులు తన జుట్టు దువ్విన చేతులవి. కాన్పప్పుడు ఆరాధనని మొదట అందుకున్న చేతులు కూడా అవే. ఇవాళ ఆ చేతులు పిల్లలకి దూరంగా, చీపురు పట్టుకుని, తమకు తామే శిక్ష వేసుకుని తిరుగుతున్నాయి. మరి తన చేతులు? రెండు చోట్ల 'అకారణంగా' అని గుండ్రంగా రాసిన తన చేతికి ఏ శిక్షా లేదు. జెస్సీ కిటికీ దగ్గర నుంచి లేచి వెళ్లి కుర్చీలో కూర్చుంది. చదవబోయిన కాగితం ఏదీ తలకెక్కలేదు.

పదకొండుకి పది నిమిషాల ముందే సుబ్బరావమ్మ వచ్చింది. నలభై అయిదేళ్ల మనిషి, చేను పనీ ఇంటి పనీ ఒక చేత్తో లాక్కొచ్చే గట్టి మనిషి. వెంట బిందుని తీసుకొచ్చింది. ఇంట్లో ఒక్కదాన్నే వదలలేక తెచ్చానంది. సెక్రటరీ కరుణాకర్ గారు, రిటైరైన హెడ్మాస్టరు, లేచి కుర్చీ చూపించాడు.

బిందు నడుస్తోంది గానీ, నిద్రలో నడుస్తున్నట్టుంది. ఎప్పుడూ గేటు దగ్గర నుంచే చప్పట్లు కొట్టుకుంటూ వచ్చే పిల్ల, తల్లి కొంగు పట్టుకుని కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. నోటి కొసన చొంగ కారుతోంది. కళ్లు వాచి ఉన్నాయి. బెంచీ మీద కూర్చోబెట్టగానే తల్లి ఒళ్లోకి ఒరిగిపోయింది.

"మాత్ర వేసిన కాడ నుంచి ఇంతే," అంది సుబ్బరావమ్మ. "అల్లరి లేదు, ఏడుపు లేదు. అన్నమూ లేదు. దాని కంచం, గ్లాసు, బట్టలు ఏమన్నా ఉంటే ఇచ్చేయండి టీచరుగారూ. ఇంక ఇంట్లోనే పెట్టుకుంటాం. ఏం చేస్తాం, మా రాత."

తలుపు దగ్గరకి కొండమ్మ వచ్చి నిలబడింది. నోరు తెరవబోయింది.

"అత్తమ్మా, ఆగండి." జెస్సీ లేచి నిలబడింది. బీరువాలోంచి ఆ రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టి, కొత్త పేజీ తిప్పి, కలం మూత తీసింది. "ఇప్పుడు చెప్పండి. మీరు ఎలా చెప్తే అలా రాస్తాను. సుబ్బరావమ్మగారూ, మీరూ వినండి. సార్, మీరు కూడా."

కొండమ్మ కోడలికేసి చూసింది. ఆ చూపులో ఆశ్చర్యమూ ఉంది, మనసు నిండిన తృప్తీ ఉంది. చేతులు కట్టుకుని, చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు నిలబడినట్టు నిలబడి, చెప్పడం మొదలుపెట్టింది.

"సోమవారం పొద్దున నేను ఇంట్లో పండుమిరపకాయ పచ్చడి దంచాను. చేతులు కడుక్కున్నాను గానీ కారం పోలేదు. నా చేతులకి మంట తెలవదు. అందుకని నాకు తెలిసిరాలేదు. ఆ చేతుల్తోనే బిందుకి మొహం కడిగాను. ఆ వేలితోనే కళ్లకి కాటుక పెట్టాను. కళ్లు మండి ఆ పిల్ల ఏడ్చింది. అది అల్లరి కాదు. మంగళవారం నేను మళ్లీ దగ్గరకి పోయాను. మళ్లీ కారం పెడతానేమోనని భయపడి కొరికింది. అదీ అల్లరి కాదు. తప్పు నాది. పిల్లది కాదు. ఇవాళ నా మనవరాలి కంట్లో కారం పడితే గానీ నాకు ఈ సంగతి తెలవలేదు."

జెస్సీ ఒక్క అక్షరం దిద్దలేదు. 'తెలవదు' అంటే 'తెలవదు' అనే రాసింది. కొండమ్మ వేలిముద్ర వేసింది. జెస్సీ మళ్లీ కలం అందుకుని, ఈసారి తాను రాస్తున్నది పైకి చదువుతూ రాసింది.

"సోమవారం, మంగళవారం 'అకారణంగా' అని రాసింది నేను. కారణం ఏమిటో వెతకలేదు. కళ్లు కడిగి చూడలేదు. చేతులు పట్టుకోమన్నది, గదిలో ఉంచమన్నది నేనే. అది కూడా ఆ అమ్మాయికి జరిగిన కీడే. నేను డాక్టరుగారికి చెప్పింది తప్పు. ఇవాళ పొద్దున్న ఏడింటికే ఈ విషయం తెలిసినా, పదకొండు దాకా చెప్పలేదు. ఎం. జెస్సీ."

కరుణాకర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ పేజీ తనవైపు తిప్పుకుని మొదటి నుంచీ చదివాడు. తన నలభై ఏళ్ల ఉద్యోగంలో ఎంతమంది చేత ఎన్ని సంజాయిషీలు రాయించాడో గానీ, అడక్కుండా వచ్చింది ఇదొక్కటే.

"దీని సంగతి కమిటీలో మాట్లాడదాం. ఏం చెప్పాలో నేను చెప్తాను వాళ్లకి," అన్నాడు చివరికి. "ముందు ఆ డాక్టరు నంబరు ఇవ్వమ్మా జెస్సీ. ఈ పేజీ ఉన్నదున్నట్టు చదివి వినిపిస్తాను." ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లాడు.

సుబ్బరావమ్మ మొహం ఎర్రబడింది.

"నిన్ను నమ్మి కదే కొండమ్మా నా పిల్లని పంపింది!" అంది. "ఇంటి దగ్గర నేను బొట్టు పెడదామన్నా మొహం తిప్పుకునేది. నీ దగ్గరైతే కాటుక పెట్టించుకొచ్చేది. చూసి మురిసిపోయేదాన్ని. ఆ చేత్తో కారం పెట్టావా? పచ్చడి పట్టిన చేతుల్తో పసిదాన్ని ముట్టుకోకూడదని ఈ ఊళ్లో ఎవరికి తెలవదు?"

"తెలుసమ్మా. తెలిసీ చేశాను. నాకు మంట లేదు గదా, ఎవరికీ ఉండదనుకున్నా. మీరేమన్నా పడతాను. పిల్లకి మాత్రం ఆ మాత్ర వెయ్యబాకండి."

సుబ్బరావమ్మ ఇంకా ఏదో అనబోయింది. అంతలో ఆమెకి ఏదో ఆలోచన తట్టింది. ఒళ్లో ఉన్న కూతురి వాచిన కళ్లకేసి చూసింది.

"ఎంతసేపు ఉంటది ఆ మంట?"

"కంట్లో పడితే... అందులో కాటుక. నూనె గదా, పట్టుకుంటది. సాయంత్రం దాకా ఉండుంటదమ్మా."

"సాయంత్రం దాకా," అంది సుబ్బరావమ్మ.

కరుణాకర్ గారు లోపలికొచ్చాడు. "మాత్ర ఇప్పటి నుంచే ఆపేయమన్నారు. రెండే వేశారు కాబట్టి మత్తు రేపటికి దిగిపోతుందట. ఇవాళే పేట తీసుకెళ్లి కంటి డాక్టరుకి చూపించమన్నారు. వ్యాను నేను మాట్లాడతాను." సుబ్బరావమ్మ తలూపింది గానీ విన్నట్టు లేదు. ఆయన వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"సోమవారం సాయంత్రం సెంటరు వ్యాను దిగిన కాడ నుంచి ఏడుస్తానే ఉంది," అంది ఆమె, ఎవరితోనూ కాదన్నట్టు. "వాకిట్లో పడి దొర్లింది. కళ్లు పొడుచుకుంది. చేలో నుంచి అప్పుడే వచ్చాను నేను. పొద్దుటి నుంచీ ఎండలో ఉన్నాను. ఎందుకేడుస్తున్నావే, ఎందుకే అని అడిగాను. దానికి మాట రాదని తెలిసీ అడిగాను. ఊరుకోవటల్లా. చుట్టుపక్కలవాళ్లు తొంగి చూస్తన్నారు. గరిటె తీసుకుని కొట్టాను. చేతుల మీద, వీపు మీద, ఏడుపు ఆపిందాకా కొట్టాను."

కూతురి రవిక చేతిని పైకి జరిపింది. కమిలిన చారలు మూడు కనబడ్డాయి. కొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దెబ్బలకి భయపడి ఆపిందనుకున్నా. మంటతో ఉన్న పిల్లని కొట్టాను కొండమ్మా! కన్నతల్లిని, నాకు కూడా తెలవలేదు. పంతొమ్మిదేళ్ల నుంచీ ఎంతోమంది చూశారు దీన్ని. ఇది ఏడిస్తే దీని బుద్ధే అంత అన్నారు. డాక్టర్లు అన్నారు, చుట్టాలన్నారు, నేనూ అన్నాను. దీని ఏడుపుకి ఒక కారణం ఉందని నాతో చెప్పింది నువ్వొక్కదానివే."

అప్పటిదాకా రెండు అడుగుల దూరంలో నిలబడిన కొండమ్మ ఇక ఆగలేకపోయింది. వెళ్లి సుబ్బరావమ్మ కాళ్ల దగ్గర నేల మీద కూర్చోబోయింది. సుబ్బరావమ్మ రెక్క పట్టుకుని లేపి బెంచీ మీద తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆ చేలో కూలికెళ్లిన ముప్పై ఏళ్లలో కొండమ్మ ఆ ఇంటివాళ్ల పక్కన అలా కూర్చోవడం అదే మొదటిసారి. చేతులు మాత్రం ఒళ్లో ముడుచుకునే ఉంచుకుంది. బిందుని ముట్టుకోలేదు. ఇద్దరు ఆడవాళ్లూ ఒకళ్లనొకళ్లు చూసుకోకుండా ఏడ్చారు. జెస్సీ తల వంచుకుంది. కన్నీటి చుక్క ఒకటి పేజీ మీద పడితే చీర చెంగుతో అద్దింది.

కొంతసేపటికి ఆమె రిజిస్టరు మూయబోయింది.

"ముయ్యబాకండి టీచరుగారూ," అంది సుబ్బరావమ్మ కళ్లు తుడుచుకుని. "నాదీ రాయండి."

"అది ఇంట్లో జరిగిందండీ. ఇందులో రాయాల్సిన పని లేదు."

"ఎందుకు లేదు? ఇల్లయితే దానికి దెబ్బ తగలదా? అది చెప్పుకోలేదు. కొండమ్మ చెప్పింది, మీరు చెప్పారు. నన్ను మాత్రం ఎందుకు వదిలేస్తారు? ఇయ్యాళ రాయించకపోతే రేపు మళ్లీ కొడతాను నేను. నా సంగతి నాకు తెలుసు." బిందు నుదుటి మీద జుట్టు వెనక్కి తోస్తూ, ఒక్కొక్క మాటా తేటగా పలికింది. "రాయండి. సోమవారం సాయంత్రం, ఆరింటికి. కొట్టింది, వాళ్ల అమ్మ."

జెస్సీ కలం తీసుకుని, తేదీ వేసి, రాయడం మొదలుపెట్టింది.